ఆ నీళ్ల సప్పుడు ఆపురా

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నా. ఆరు నెలల క్రితం వన్‌టౌన్‌లో ఇల్లు ఖాళీ చేసి హైవే పక్కన అపార్ట్‌మెంట్‌కి మారాం. అప్పటి నుంచి అమ్మకి నిద్ర సరిగ్గా లేదు, లారీల శబ్దానికి ఉలిక్కిపడి లేస్తోంది. నిద్ర పట్టించే ప్రకృతి శబ్దాలు యూట్యూబ్‌లో బాగా నడుస్తున్నాయి కదా, అమ్మకీ పనికొస్తుంది, నాకూ ఒక ఛానల్ అవుతుందని నేనే ఒకటి తయారుచేశా. తుంగభద్ర ఒడ్డున ఫోన్‌లో రికార్డు చేసిన నీళ్ల శబ్దం, దాని మీద నెట్‌లో దొరికిన వాన, ఉరుములు, గుడ్లగూబ, కోయిల, కొంచెం పిల్లనగ్రోవి. మొత్తం 432 హెర్ట్జ్‌కి మార్చి, పది నిమిషాల ముక్కని ఎనిమిది గంటలు లూప్ చేశా. అమ్మ ఐదు నిమిషాలు కూడా వినలేదు, "ఆ నీళ్ల సప్పుడు ఆపురా" అంది. 2009 వరదలో మేం రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాంలే, అప్పుడు నాకు ఏడేళ్లు. ఛానల్‌లోనూ జనం పది నిమిషాలకే వెళ్లిపోతున్నారు. మంచి మైకు కొంటే సరిపోతుందా? ఏది కొనమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, మైకు ఇప్పుడే కొనకు. లూప్ గురించీ హెర్ట్జ్ గురించీ అంత వివరంగా రాసి, 2009 గురించి "ఉన్నాంలే" అని ఒక్క ముక్కతో దాటేశావు చూడు, నీ ట్రాక్‌లో తప్పు అక్కడుంది.

ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదకొచ్చినప్పుడు మిద్దెల మీద ఉన్నవాళ్లకి రాత్రి కంటికి ఏం కనబడుతుంది చెప్పు, కరెంటు కూడా లేదు. చెవికి మాత్రం ఆ నీళ్లు తప్ప ఇంకేం వినబడి ఉండదు. నువ్వు ఏడేళ్ల పిల్లోడివి, బహుశా ఆమె ఒళ్లో నిద్రపోయి ఉంటావు. ఆమె పోయి ఉండదు. నీళ్లు ఇంకెన్ని మెట్లు ఎక్కాయో సప్పుడుని బట్టి లెక్కేసుకుంటూ కూర్చుని ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత నువ్వు అదే ఏటి శబ్దాన్ని, అలాంటి చీకట్లోనే, దిండు పక్కన పెట్టి పడుకోమన్నావు. ఐదు నిమిషాలు విందంటే అది నీ మీద ప్రేమే.

పడుకున్నాక కూడా చెవి డ్యూటీలోనే ఉంటుంది. వీధిలో పెళ్లి బ్యాండు మోగుతున్నా లేవని బాలింత, పక్కలో బిడ్డ చిన్నగా మూలిగితే లేచి కూర్చుంటుంది. శబ్దం పెద్దదా చిన్నదా అనే దానికంటే, అది నాకు ఏదైనా పని చెబుతోందా అని చెవి చూసుకుంటుంది. పని చెప్పని శబ్దం అయితే వదిలేస్తుంది. నిద్ర కోసం శబ్దాలు కూర్చేవాడు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: ఈ శబ్దం వింటే ఈ మనిషికి ఏం గుర్తొస్తుంది? సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు చేయాల్సిన పని ఇది, దీనికి ఖర్చు కూడా లేదు.

వాన సంగతే తీసుకో. ప్రపంచమంతా వాన శబ్దం పెట్టుకుని పడుకుంటున్నారు, నిజమే. కానీ అనంతపురం వైపు, ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడే చోట, రాత్రి వాన శబ్దం అంటే లేచి బయటికి పోయి చూడాల్సిన వార్త. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక మంచి వాన రికార్డు చేశా, చింతచెట్టు కింద గోనెసంచి కప్పుకుని రెండు గంటలు కూర్చుని. దాన్ని గొప్పగా తీసుకుపోయి ధర్మవరం దగ్గర మా మేనమామ ఇంట్లో రాత్రి స్పీకర్లో పెట్టా. నవంబరు నెల, బుడ్డలు (వేరుశనగ) పీకి కళ్లంలో కుప్పేసి ఉన్నారు. ఆయన నిద్రలోంచి లేచి, నా మొహం కూడా చూడకుండా, పట్ట భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా కళ్లం దాకా పోయి, ఆకాశం నిండా చుక్కల్ని చూసి వెనక్కొచ్చాడు. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అదే మామ, బోరు మోటరు రాత్రంతా గుయ్యిమంటుంటే దాని పక్కనే మంచం వేసుకుని గురక పెట్టేవాడు. మోటరు ఆగిందంటే మాత్రం టక్కున లేచేవాడు, కరెంటు పోయిందని.

ఇక నీ గుడ్లగూబ. నెట్‌లో దొరికింది అన్నావు కాబట్టి ఏ చలిదేశపు అడవిలోనో రికార్డు చేసినదై ఉంటుంది, అక్కడివాళ్లు దాన్ని ముచ్చటగా వింటారు. మన ఇళ్లలో గుడ్లగూబ కూసిందంటే పెద్దవాళ్లు లేచి తోలేదాకా పడుకోరు. తీతువు పిట్ట సంగతి చెప్పనక్కర్లేదు. ఇవన్నీ మూఢనమ్మకాలని నువ్వు వాదించొచ్చు, పగలు వాదించు, రాత్రి రెండింటికి ఆమె చెవి నీతో వాదనకి రాదు. కోయిలదీ ఇంకో రకం తప్పు. ఎండాకాలం అది ఇంకా చీకటుండగానే మొదలుపెడుతుంది, తెల్లారుతోందని చెబుతుంది, అది వింటే పల్లెలో పెరిగిన మనిషి చెయ్యి చీపురు కోసం వెతుకుతుంది. నిద్రపుచ్చే ట్రాక్‌లో ఉదయపు పిట్టల కలకలం పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎందుకో నాకు అర్థం కాదు. పిల్లనగ్రోవి బాగానే ఉంటుంది గానీ పాట అన్నాక మనసు తర్వాతి స్వరం కోసం కాచుకుంటుంది, కాచుకునే మనసు నిద్రపోదు. ఉరుముల గురించి నేను చెప్పాలా?

కాబట్టి ఇవన్నీ తీసెయ్. ఒక పూట తీరిగ్గా అమ్మ పక్కన కూర్చో. "నీకు ఏ శబ్దం ఇష్టం?" అని అడగకు, అలా అడిగితే "ఏదో ఒకటి పెట్టు నాయనా" అంటుంది. పెళ్లికి ముందు పుట్టింట్లో ఎక్కడ పడుకునేదో అడుగు. మిద్దె మీదా, వాకిట్లోనా, పసుల కొట్టం పక్కనా? పక్కన ఎవరు పడుకునేవాళ్లు? చెట్టుండేదా, ఏ చెట్టు? రాత్రి మెలకువ వస్తే ఏం వినబడేది? ఇలా అడిగితే శబ్దాలు వాటంతటవే వస్తాయి. వేపచెట్టు గాలి అనొచ్చు, ఎండిన జొన్నచేను గలగల అనొచ్చు, వాళ్ల నాన్న దగ్గు అని కూడా అనొచ్చు, అది మనం రికార్డు చేయలేం గానీ తెలుసుకోవడం మంచిదే. ఆమెది కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది ఊరైతే కాలువ నీళ్లు అనే అవకాశమూ ఉంది, కాలువ వేరు, ఏరు వేరు, అయినా నీళ్ల జోలికి ఇప్పుడు పోవద్దు, ఆమె తనంతట తాను అడిగితే తప్ప.

నా అనుభవంలో మన సీమ పల్లెల్లో పెరిగిన ఆ వయసు ఆడవాళ్లలో చాలామంది చెప్పేది పశువుల గురించి. నేను చేసినవాటిలో నాకు బాగా నచ్చిన రికార్డింగ్ కూడా అదే. ఆవు రాత్రి పడుకుని నెమరు వేయడం ఎప్పుడైనా దగ్గర్నుంచి విన్నావా? నిమిషానికి యాభై అరవై సార్లు, దాదాపు సెకనుకొకటి చొప్పున దవడ ఆడుతుంది, ఎండు చొప్ప నలిగే మెత్తటి కరకర, మధ్యలో ముక్కులోంచి ఒక పెద్ద ఊపిరి. ఒక ముద్ద అయిపోయాక గుటక. కొన్ని సెకన్లు నిశ్శబ్దం, తర్వాత కింది నుంచి ఇంకో ముద్ద గొంతులోకి వచ్చే చిన్న కదలిక, మళ్లీ మొదలు. చెవి మీద ఈగ వాలితే తల విదిలిస్తుంది, మెడలో గంట ఒక్కసారి అంటుంది, అంతే. ఈ శబ్దంలో లయ ఉంది, గడియారంలా మరీ ఒకేలా ఉండదు, పాటలా ఎటూ లాక్కుపోదు. పైగా పశువు కడుపు నిండా మేసి నిమ్మళంగా పడుకుంది, దొంగ లేడు, పాము లేదు అని ఇంటివాళ్లకి తెలిసేది కూడా ఆ నెమరుతోనే. అది ఆగి పశువు లేచి నిలబడితేనే పెద్దాయన టార్చిలైటు తీసుకునేవాడు.

సరే, మనసు సంగతి అయింది. ఇప్పుడు లారీలు. మనల్ని లేపేది ఎక్కువగా తేడా. గది నిశ్శబ్దంగా ఉండి హఠాత్తుగా హారన్ కొడితే చెవికి అది కొండంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో పడకగదిలో ఎడతెగకుండా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ లోపు, మధ్యమధ్యలో వచ్చే ఒక్కో శబ్దం 45 లోపు ఉండాలని రాశారు. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం కూడా నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే ఎర్రమట్టి టిప్పరు డ్రైవరుకి ఆ సంగతి ఎవరు చెబుతారు? నీ చేతిలో ఉన్నది ఒక్కటే, గదిలో అడుగున మెత్తటి శబ్దం పరిచి ఆ తేడాను తగ్గించడం. అంతకంటే ముందు ఆమె మంచం హైవే వైపు గదిలో ఉంటే ఇవాళే లోపలి గదికి మార్చు, కిటికీ సందుల్లో రబ్బరు పట్టీ వేయించు. ఆ రెండూ చేసే మేలు ఏ ట్రాకూ చేయదు, ఇలా చెబితే నా పనికే ఎసరు అయినా సరే.

ఆ అడుగు శబ్దం ఎలా ఉండాలంటే, అందరూ చెప్పే వైట్ నాయిస్ లాంటిది వద్దు, అది పాత టీవీలో చుక్కలొచ్చినప్పటి సుయ్యిమనే మోత, పైస్థాయిలు, అంటే సన్నటి కీచు శబ్దాలు, ఎక్కువగా వినబడి చెవిని గీరుతుంది. ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్ లెక్క) రెట్టింపయిన ప్రతిసారీ బలం 3 డెసిబెల్స్ చొప్పున తగ్గేదాన్ని పింక్ నాయిస్ అంటారు, 6 చొప్పున తగ్గేది బ్రౌన్. ఆకుల మీద గాలి, దూరపు వాన ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటాయి, అందుకే హాయిగా ఉంటాయి. మన చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య పదును ఎక్కువ, పసిపిల్లల ఏడుపు కూడా ఆ చుట్టుపక్కలే కోస్తుంది. ఆ ప్రాంతాన్ని ఈక్వలైజర్‌లో మూడు నాలుగు డెసిబెల్స్ దించితే ట్రాక్ దుప్పటి కప్పినట్టు అవుతుంది.

కీచురాళ్లు వేద్దామనుకుంటావు, నాకు తెలుసు, అందరూ వేస్తారు. అవి అరిచేది దాదాపు 4,000, 5,000 దగ్గర, అంటే సరిగ్గా చెవి పదునుగా ఉన్న చోట. పైగా వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది పైస్థాయిల వినికిడే, కాబట్టి నీకు నచ్చేలా కలిపిన కీచురాళ్లు ఆమెకు సగమే వినబడొచ్చు, ఆమెకు సరిపోయేలా కలిపితే నీకు చెవుల్లో సూది. వేయాలంటే బాగా వెనక, ఉందా లేదా అన్నట్టు వెయ్యి. ఇంకో చిన్న సంగతి, వేడి పెరిగితే కీచురాయి వేగంగా అరుస్తుంది, చలికి నెమ్మదిస్తుంది. డాల్బేర్ అనే అమెరికా ప్రొఫెసరు 1897లోనే అరుపుల్ని లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం రాశాడు. అందుకని నేనైతే కీచురాళ్లని డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే రికార్డు చేస్తా. కర్నూలు మే నెల కీచురాయి నిద్రపుచ్చదు, పరుగెత్తిస్తుంది.

ఎడిటింగ్ చేసేవాడివి, నీకు హెడ్‌ఫోన్లో అద్భుతంగా వినబడింది ఆమె ఫోన్లో రేకు డబ్బాలో రాళ్లు వేసినట్టుంటుంది. ఫోన్ స్పీకరుకి కిందిస్థాయిలు పలకవు, 200, 300 హెర్ట్జ్ కిందిది దాదాపు ఉండదు. లారీ ఇంజను గుర్రు మాత్రం అక్కడే ఉంటుంది. అంటే ఫోన్‌తో హారన్‌ని, బ్రేకు కీచుని కొంత కప్పగలవు, ఇంజను గుర్రుని కప్పలేవు. ఇంట్లో పాత హోమ్ థియేటర్ డబ్బా ఏదైనా ఉంటే దుమ్ము దులిపి దాన్ని వాడు, లేదంటే కాస్త పెద్ద బ్లూటూత్ స్పీకరు. మంచానికి రెండు మీటర్ల దూరంలో, హైవే ఉన్న వైపు గోడ దగ్గర పెట్టు, దిండు పక్కన వద్దు. ఎంత వాల్యూమ్ అంటే, పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే ఆమెకు తేలిగ్గా వినబడాలి. మిక్సింగ్ మాత్రం రాత్రి, ఆ గదిలో, ఆ డబ్బాలోనే విని సరిచెయ్యి. పగలు స్టూడియోలో చేసింది నమ్మకు.

ఇప్పుడు లూప్. పది నిమిషాల ముక్క ఎనిమిది గంటల్లో 48 సార్లు వస్తుంది. మొదటి రెండుసార్లు ఎవరూ పట్టుకోరు, మూడోసారికి చెవి పట్టుకుంటుంది, ఆ తర్వాత "ఇప్పుడు ఆ పిట్ట అరుస్తుంది చూడు" అని ఎదురుచూస్తుంది. నీ ఛానల్ నుంచి జనం పది నిమిషాలకే ఎందుకు వెళ్లిపోతున్నారో నాకు తెలియదు గానీ, ఆ పది నిమిషాలు నీ లూప్ పొడవంతే ఉందని గమనించావా? ఒకే ముక్కని తిప్పొద్దు. గాలిని 7 నిమిషాలు, నెమరుని 11, దూరపు కీచురాళ్లని 13 నిమిషాల ముక్కలుగా మూడు ట్రాకుల్లో పెట్టి ఒక్కోదాన్ని విడివిడిగా తిప్పు. మూడూ మళ్లీ మొదట్లోలాగే కలిసేది 1,001 నిమిషాలకు, అంటే పదహారు గంటల నలభై ఒక్క నిమిషాలకు. అప్పటికి ఎవరైనా పడుకునే ఉంటే ట్రాకు సంగతి వదిలేసి మనిషిని చూడాలి. అతుకుల దగ్గర పదిహేను ఇరవై సెకన్లు ఒకదానిలోకి ఒకటి కరిగేలా క్రాస్‌ఫేడ్ వెయ్యి. గుర్తుపట్టేంత ప్రత్యేకంగా వినబడేది ఏదున్నా, ఒక కుక్క, ఒక స్కూటరు, గంట మరీ గట్టిగా మోగిన చోటు, కోసెయ్. ముక్కల్ని ఎంపీ3లో దాచుకోకు, ఆ ఫార్మాట్ ముందూ వెనకా సెకనులో చిన్న భాగం ఖాళీ చేరుస్తుంది, తిప్పినప్పుడల్లా టుక్కుమంటుంది. అలాగని ఎనిమిది గంటలూ ఒకే వేవ్ ఫైలుగా తీయబోతే సీడీ నాణ్యతలోనే 5 జీబీ దాటుతుంది, మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది, నువ్వు రాత్రంతా రెండరింగ్ పెట్టి తెల్లారి చూస్తే ఫైలు తెరుచుకోదు. నాకు జరిగింది. ఫ్లాక్‌లో తియ్, అది నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్.

ఎనిమిది గంటలూ ఒకే మోతాదులో ఉండక్కర్లేదు. మొదటి అరగంట కాస్త వివరంగా ఉండనీ, నెమరు దగ్గరగా, అప్పుడప్పుడూ గంట, ఎందుకంటే పక్క మీద వాలగానే రేపటి కరెంటు బిల్లు గుర్తొస్తుంది, మనసుకి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ తర్వాత గంటలో మెల్లగా అవన్నీ దూరం జరిగిపోయి గాలి ఒక్కటే మిగలాలి. చివర్లో హఠాత్తుగా ఆపొద్దు. కరెంటు పోయి ఫాన్ ఆగినప్పుడు వీధి వీధంతా ఎలా లేస్తుందో తెలుసు కదా, ఉక్క తర్వాత సంగతి, ముందు లేపేది ఆ నిశ్శబ్దమే. కనీసం అరగంట పాటు తగ్గిస్తూ తగ్గిస్తూ పో.

432 హెర్ట్జ్‌కి మార్చానన్నావు కాబట్టి ఒక్క మాట. అది వాయిద్యాల శ్రుతికి సంబంధించిన లెక్క, మామూలుగా 440కి శ్రుతి చేసేదాన్ని కొంచెం దించడం. గాలికీ వానకీ శ్రుతి ఏముంది మార్చడానికి? నువ్వు చేసిందల్లా రికార్డింగ్‌ని కొంచెం సాగదీయడం. టైటిల్లో పెడితే క్లిక్కులు వస్తాయంటావా, రావచ్చు, అది వేరే వ్యాపారం.

ఇక మైకు. నీ ఫోన్ చాలు మొదటి నెల. మామూలు వాయిస్ రికార్డర్ వాడకు, అది నిశ్శబ్దంలో దానంతట అదే శబ్దం పెంచి, గట్టిగా రాగానే తగ్గించి, మొత్తం ఊపిరాడనట్టు చేస్తుంది. ఆటోమేటిక్ గెయిన్ ఆపుకునే వీలుండి, కుదించకుండా వేవ్‌లో రికార్డు చేసే యాప్ వేసుకో. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కొట్టంలో దూలానికో గాడి అంచుకో కట్టి, నువ్వు బయటికి వచ్చెయ్. పక్కనే కూర్చుంటే నీ ఊపిరి, కడుపులో గడబిడ అన్నీ ఎక్కుతాయి, రాత్రి ఉగ్గాని తిని పోతే మరీను. రెండు గంటలు రికార్డు చేస్తే పదకొండు నిమిషాలు మంచిది దొరుకుతుంది, అదే ఎక్కువ. ఇది బాగా కుదిరి ఇంకా చేయాలనిపిస్తే అప్పుడు జూమ్ హెచ్1 లాంటి చేతి రికార్డరు సరిపోతుంది. దానితోపాటు మైకుకి తొడిగే బొచ్చు టోపీ కచ్చితంగా కొను, మన సీమ గాలికి అది లేకుండా ఏ మైకైనా దబదబ మంటుంది. మరీ నిశ్శబ్దమైన చోట చిన్న రికార్డర్ల సొంత సుయ్యిమనే శబ్దం కూడా వినబడుతుంది, దాన్ని నాయిస్ రిడక్షన్‌తో తీసేద్దామని ఎక్కువ తిప్పితే నీళ్లలో మాట్లాడినట్టు అవుతుంది, అంతకంటే మైకుని దగ్గరగా పెట్టుకోవడం మేలు.

ఉత్సాహంలో రాత్రిపూట నల్లమలలోకి దూరకు. అది పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా కుదరదు. పిట్టలు పలకాలని స్పీకర్లో వాటి కూతలు వినిపించే అలవాటు కొందరికి ఉంది, అదీ వద్దు. కడప జిల్లాలో లంకమల పొదల్లో కలివికోడి ఉంది కదా, ఎనభై ఏళ్లకు పైగా కనబడక ఇక లేదనుకున్నాక 1986లో మళ్లీ కనబడిన పిట్ట. రాత్రి తిరిగేది, కంటికి చిక్కదు, అందుకే తర్వాత రోజుల్లో పరిశోధకులు దాని కూతని రికార్డు చేసి, అదే వినిపించి, జవాబు వస్తుందేమోనని వెతికారు. వాళ్లు లెక్క ప్రకారం చేసే పని అది. మనం నిద్ర ట్రాక్ కోసం చేస్తే పాపం దాని నిద్ర చెడగొట్టినట్టే.

ఛానల్ గురించి కొంచెం. అందరికీ పనికొచ్చే ట్రాక్ చేయాలని చూడకు, మీ అమ్మ కోసం చేసిందే పెట్టు, టైటిల్లో అది ఏ ఊరి కొట్టమో, ఏ నెలలో రికార్డు చేశావో రాయి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నిద్రపట్టని మనోళ్లు చాలామంది ఉన్నారు, వెతుక్కుంటూ వస్తారు. మధ్యలో యాడ్ రానివ్వకు, రాత్రి రెండున్నరకి గోల్డ్ లోన్ ప్రకటన అరిస్తే నిన్ను జన్మలో క్షమించరు. అమ్మకి మాత్రం యూట్యూబ్ వద్దు, ఫైలు ఇచ్చెయ్. ఇంకోటి, పసిపిల్లల పక్కన ఫోన్ పెట్టొద్దని కింద రాయి. 2014లో పిల్లల డాక్టర్ల పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో పసివాళ్ల కోసం అమ్మే 14 నిద్ర యంత్రాల్ని పరీక్షిస్తే, ఒక్క అడుగు దూరంలో పూర్తి వాల్యూమ్‌లో మూడు 85 డెసిబెల్స్ దాటాయి, అది ఫ్యాక్టరీ మోత. ఇంతా చేసి "ఇది అసలు ప్రకృతి శబ్దమేనా, నువ్వు కలిపిందా" అని ఎవరైనా కామెంటు పెడితే బాధపడకు. 1969లో అమెరికాలో ఇర్వ్ టైబెల్ అనే ఆయన సముద్రపు అలల ఎల్పీ రికార్డు తెచ్చినప్పుడు, ఒడ్డున రికార్డు చేసింది ఉన్నదున్నట్టు సముద్రంలా వినబడక, ఆ కాలపు గది సైజు ఐబీఎం కంప్యూటర్లో వేసి మార్చాల్సి వచ్చింది.

ఒకటి మాత్రం వాయిదా వేయకు. వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టకుండా మూడు నెలలు దాటితే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు, మీకు ఆరు నెలలైంది. షుగరు, థైరాయిడ్ చూపించు, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందేమో నువ్వు ఒక రాత్రి కూర్చుని విను, శబ్దాలు వినడం నీ పనే కదా. మాత్రలు మొదలుపెట్టే ముందు సీబీటీ-ఐ అనే పద్ధతి గురించి అడుగు, పడుకునే అలవాట్లనీ, నిద్ర రాదేమోనన్న టెన్షన్‌నీ సరిచేసేది, దాన్నే ముందు ప్రయత్నించమంటారు. ఇంకా ముఖ్యంగా, వాన పడిన రాత్రుల్లో ఆమె మెలకువగా కూర్చుంటోందా? కర్నూల్లో ఆ వరద చూసినవాళ్లు చాలామంది ఇప్పటికీ మబ్బు పడితే ఏటి వైపు చూస్తారు. ఆమె ఆ రెండు రాత్రుల గురించి నీతో ఎప్పుడైనా మాట్లాడిందా, నువ్వు ఎప్పుడైనా అడిగావా? డాక్టరుతో కూడా ఆ మాట చెప్పండి. బయటికి పోవడం ఇష్టం లేకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కొట్టంలో రికార్డింగ్‌కి పోయేటప్పుడు సాయంత్రమే పశువులకి చొప్ప వేయించు, కడుపు నిండితేనే పడుకుని నెమరేస్తాయి. రాత్రి పదకొండు తర్వాత మొదలుపెట్టు. కొట్టంలో ముందు వేపాకు పొగ వేసి, పొగ పోయాక ఫోన్ కట్టు. మిగతా ఏ శబ్దం ఎక్కినా కోసెయ్యొచ్చు గానీ, మైకు దగ్గర ఒక్క దోమ తిరిగిందంటే ఆ ట్రాక్ విన్న ప్రతి ఇంట్లో లైటు వెలుగుతుంది.